సుభాషిణి చెప్పిన దారి

ఢిల్లీలో ఉద్యోగం చేసే తెలుగువాడి ఇంటికి చుట్టాల కొదవ ఉండదు. ఆర్.కె.పురంలో సదాశివరావు ఉండే సర్కారు క్వార్టరుకి వాళ్ళ తాకిడి మరీ ఎక్కువ. ఆయన ఒక మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరు, సొంతూరు తెనాలి. వేసవి సెలవులు మొదలయ్యాయంటే ఏపీ ఎక్స్‌ప్రెస్ దిగినవాళ్ళు దిగినట్టే ఆయన ఇంటికి వచ్చేవాళ్ళు. వాళ్ళకి కుతుబ్ మీనారు చూపించాలి, ఎర్రకోట చూపించాలి, పాలికా బజారులో బేరాలాడి పెట్టాలి. ఆయనకి ఆఫీసు ఉంది కాబట్టి ఆ పనంతా భార్య సుభాషిణి మీద పడింది. ఆమె కూడా విసుక్కోకుండా తిప్పేది. "మా సుభాషిణి ఉంటే ఢిల్లీలో గైడెందుకు" అని ఆయన భోజనాల దగ్గర గర్వంగానే చెప్పేవాడు.

కానీ సుభాషిణి ఆ ఊళ్ళో నడవడం మొదలుపెట్టింది చుట్టాల కోసం కాదు. ఆ సంగతి చాలాకాలం ఎవరికీ తెలియదు.

రెండువేల సంవత్సరం చలికాలంలో ఆమెకి రెండో కాన్పు ఏడో నెలలోనే వచ్చింది. మగపిల్లవాడు. పుట్టాక ఒక పూట కూడా లేడు. ఆసుపత్రిలో సంతకాలు, ఆ తర్వాతి పనులు అన్నీ సదాశివరావే చూసుకున్నాడు. ఇంటికి వచ్చాక భార్య పక్కన కూర్చుని, "ఇంక ఈ మాట ఇంట్లో వద్దు సుభా. ఇషిత చిన్నది, బెంగ పెట్టుకుంటుంది. మనమూ మర్చిపోదాం" అన్నాడు. ఏడేళ్ళ ఇషితకి అమ్మకి జ్వరమని చెప్పారు. సదాశివరావు చెడ్డవాడేం కాదు. తెగిపోయిన చెప్పుని కూడా ఎవరి కంటా పడకుండా కాగితంలో చుట్టి పారేసే మనిషి. బిడ్డ విషయంలోనూ అదే చేశాడు. సుభాషిణి సరేనంది.

నెల గడిచాక ఒకరోజు ఇషితని బడికి పంపి, కూరగాయలకని సంచీ పట్టుకుని బయలుదేరింది. బజారు వైపు నడవాల్సింది, ఎదురుగా ఆగిన బస్సెక్కింది. ఎందుకెక్కిందో ఆమెకే తెలియదు. కండక్టరు "మెహ్రోలీ, ఉతరో, ఉతరో" అని అరిచేదాకా దిగాలన్న ధ్యాసే లేదు. దిగి, ఎటుపోతున్నదీ చూసుకోకుండా తుమ్మచెట్ల మధ్య కాలిబాటలు పట్టి నడుస్తుంటే ఒక్కసారిగా నేల అడుక్కి దిగిపోయింది. ఎదురుగా పెద్ద మెట్లబావి. కిందికి వెళ్ళే కొద్దీ సన్నబడుతూ మెట్లు, రెండు పక్కలా అంతస్తులు అంతస్తులుగా స్తంభాల వసారాలు, అట్టడుగున ఆకుపచ్చగా నిలిచిన నీళ్ళు, రామచిలకల గోల. సుభాషిణి ఎండపడే చోట ఒక మెట్టు మీద కూర్చుంది. కడుపులో ఉన్న ఏడుపంతా అక్కడ ఏడ్చింది. గడ్డి కోసుకునే ఇద్దరాడవాళ్ళు ఆమెని చూసి కూడా ఏమీ అడగకుండా పక్కనుంచి వెళ్ళిపోయారు. ఆ అడగకపోవడమే ఆమెకి ఎంతో హాయిగా అనిపించింది. ఇషిత బడి నుంచి వచ్చే వేళకి ఇంటికి చేరుకుంది. సంచీ ఖాళీగా ఉంది. ఆ రాత్రి పప్పుచారుతో సరిపెట్టింది.

తర్వాత వారంలో మళ్ళీ వెళ్ళింది. ఆపైన వెళుతూనే ఉంది. బావి చుట్టుపక్కల ఏముందో చూడటం మొదలుపెట్టింది. ఆ బావిని రాజోం కీ బావ్‌లీ అంటారని, ఆ 'రాజ్' అంటే రాజులు కాదు, తాపీమేస్త్రీలని, ఎప్పుడో మేస్త్రీలు అందులో కాపురముండేవాళ్ళు కాబట్టి ఆ పేరొచ్చిందని తెలుసుకుంది. బోర్డులు చదివేది, లైబ్రరీకి వెళ్ళి పుస్తకాలు తెచ్చుకునేది, దర్గా సందులో పూలమ్మే ముసలమ్మతో కబుర్లు చెప్పేది. ఏడాది తిరిగేసరికి ఏ గుట్ట మీద ఏ సమాధి ఉందో, ఏ గోడ సందులోంచి పోతే దగ్గరదారో ఆమెకి తన వంటగదిలో డబ్బాలంత బాగా తెలిసిపోయింది.

టేపు సంగతి ఆ తర్వాత వచ్చింది. సదాశివరావు అక్కగారూ, ఆవిడ భర్త రామమూర్తీ ఒక మే నెలలో దిగారు. సరిగ్గా అప్పుడే సుభాషిణి కాలు బెణికింది. రామమూర్తి మొహం చిన్నబోయింది. అది చూడలేక ఆమె ఇషిత చిన్నప్పటి పాటల క్యాసెట్టు ఒకటి తీసి, టేప్‌రికార్డర్‌లో పెట్టి, మంచం మీద కూర్చునే మాట్లాడటం మొదలెట్టింది. "వదినగారూ, బస్సు దిగారా? అందరూ కుతుబ్ టికెట్ల దగ్గరికి పోతుంటారు, మీరు పోకండి. అది మధ్యాహ్నం చూద్దురుగాని. రోడ్డు దాటి, పార్కు గేటు వెతకండి. చెప్పులు గట్టివేగా వేసుకున్నారు?" ఇలా సాగింది. మర్నాడు వాళ్ళిద్దరూ వాక్‌మన్ పట్టుకుని, చెరో చెవిలో ఒక గొట్టం పెట్టుకుని వెళ్ళారు. సాయంత్రం మొహాలు వెలిగిపోతూ వచ్చారు.

"నువ్వు పక్కనే నడుస్తున్నట్టుందే అమ్మాయ్" అంది ఆడపడుచు. "చివర్లో మాత్రం ఉన్నట్టుండి ఎవరో పిల్లలు ట్వింకిల్ ట్వింకిల్ అని మొదలెట్టారు. మీ అన్నయ్యగారు బెదిరిపోయి చెవిలోది పీకేశారు."

ఇంటిల్లిపాదీ నవ్వుకున్నారు. ఆ క్యాసెట్టు చేతులు మారింది. క్వార్టర్లలోని తెలుగువాళ్ళు తమ చుట్టాల కోసం అడిగి పట్టుకెళ్ళేవాళ్ళు. సుభాషిణి మాట విని దారి తెలియని మనుషులు మెహ్రోలీలో తిరిగి, క్షేమంగా ఇంటికి వచ్చేవాళ్ళు. అది ఆమెకి చెప్పలేనంత తృప్తి.

క్రాంతి వాళ్ళింటికి వచ్చింది రెండువేల నాలుగులో. పిఠాపురం కుర్రవాడు. ఇంజనీరింగ్ అయ్యాక, సర్కారు ఇంజనీరు పరీక్షలకి తయారవుతూ కటవారియా సరాయ్‌లో ఇంకో ఇద్దరితో గది పంచుకుని ఉండేవాడు. సదాశివరావు స్నేహితుడికి దూరపు బంధువు. "ఆదివారం మా ఇంట్లో భోంచెయ్యవోయ్" అని ఆయనే పిలిచాడు. మెస్సులో రాజ్మా తిని తిని నోరు చచ్చిపోయినవాడు, మొదటిరోజు గోంగూర పచ్చడి చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నంత పనిచేశాడు. అప్పట్నించి ఆదివారం అతని కంచం కూడా వేసే ఉండేది. ఇషిత అతన్ని క్రాంతి భయ్యా అని పిలిచేది, లెక్కలు చెప్పించుకునేది.

టేపు అతని చేతికీ వచ్చింది. విని, తిరిగొచ్చి, మిగతా అందరిలా పొగిడి ఊరుకోలేదు.

"ఆంటీ, ఏమీ అనుకోరు కదా? 'కొంచెం దూరం పోండి' అన్నారండి. కొంచెం అంటే ఎంతండి? నేను వేరే గుట్టెక్కేశాను. దూరం చెప్పొద్దు, ఏం కనబడితే ఆగాలో అది చెప్పండి."

సుభాషిణికి ఆ మాట నచ్చింది. ఇద్దరూ కలిసి దారంతా మళ్ళీ నడిచారు. ఆమె చెప్పేది, అతను కొత్తవాడిలా నటిస్తూ ఎక్కడ తప్పుతాడో చూసేది. గుట్ట మీది గొడుగులాంటి మంటపం దగ్గర ఆమె, "ఇక్కడ ముందుకి చూడకండి. ఎడమ భుజం మీదుగా వెనక్కి తిరగండి. రెండు చెట్ల నడుమ మీనారు కింద నుంచి పైదాకా కనిపిస్తుంది" అని చెబితే, తిరిగి చూసి క్రాంతి చప్పట్లు కొట్టాడు. భూల్‌భులయ్యా అని పిలిచే ఆధమ్‌ఖాన్ సమాధి దగ్గర, పాదుషా కోపానికి కోటగోడ మీంచి తోయించుకుని చచ్చిన కొడుకు గురించీ, దిగులుతో వెనకే పోయి అతని పక్కనే పడుకున్న తల్లి గురించీ ఆమె చెప్పిన తీరుకి, "ఆంటీ, ఇక్కడ ఏం మార్చొద్దండి" అన్నాడు. రెండు చలికాలాలు అలా గడిచాయి. క్యాసెట్లు మూడయ్యాయి. సుభాషిణికి జీవితంలో తన పనిని అంత శ్రద్ధగా పట్టించుకున్న మనిషి అతనొక్కడే.

మెట్లబావి దగ్గర మాత్రం ఆమె టేపులో ఎక్కువ చెప్పలేదు. మేస్త్రీల కథ చెప్పి, "ఇక్కడ టేపు ఆపేసి కాసేపు కూర్చోండి. తొందరేం లేదు" అని వదిలేసింది.

క్రాంతికి పరీక్ష చివరి మెట్టు దాకా వచ్చి తప్పిపోయింది. ఆ ఆదివారం భోజనానికి రాలేదు. సుభాషిణికి ఎక్కడుంటాడో తోచింది. వెళ్ళేసరికి బావి మెట్ల మీదే ఉన్నాడు, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని. పక్కన కూర్చుంది. ఏం చెప్పి ఓదార్చాలో తెలియక, తనదే చెప్పింది. బిడ్డ సంగతి, ఖాళీ సంచీ సంగతి, ఇంట్లో ఆ మాట ఎత్తకూడదన్న సంగతి. వాడి గుప్పిట్లు రెండూ బిగించి ఉన్నాయని, ఒక్కసారి విప్పి చూద్దామనుకునేలోపే నర్సు తీసుకెళ్ళిపోయిందని చెప్పింది.

"నేనిక్కడికి వచ్చి ఏడ్చానని మీ అంకుల్‌కి కూడా తెలీదు. ఎవరితోనూ అనకు నాయనా."

"ఛ, ఎవరితో అంటానండి ఆంటీ. ఒట్టు" అన్నాడు క్రాంతి, ఆమె చెయ్యి పట్టుకుని.

మరుసటి ఏడు అతనికి గుర్గావ్‌లో ఉద్యోగం దొరికింది. పెద్ద హోటళ్ళలో దిగే విదేశీయులకి ఢిల్లీ చూపించే కంపెనీ. సర్కారు ఇంజనీరు కావాలనుకున్నవాడు అందులో చేరాడేమిటని సదాశివరావు అన్నా, సుభాషిణి సంతోషించి పాయసం చేసింది. ఆదివారాలు రావడం తగ్గింది. ఒకసారి వచ్చినప్పుడు, "టేపులు అరిగిపోతున్నాయాంటీ, మా ఆఫీసులో సీడీల్లోకి మార్చి తెస్తాను" అని మూడూ పట్టుకెళ్ళాడు. ఎంతకీ తేలేదు. ఫోన్ చేస్తే రేపంటాడు, ఎల్లుండంటాడు. "బిజీగా ఉంటాడు పాపం, వాణ్ణి పీక్కుతినకు" అనేవాడు సదాశివరావు.

రెండువేల ఎనిమిది ఫిబ్రవరి. మంచు విడిచి ఎండ బాగా కాస్తున్న రోజు. సుభాషిణి తన మామూలు దారిన మంటపం గుట్ట ఎక్కుతుంటే ముందు ఒక విదేశీ జంట పోతోంది. పెద్దవాళ్ళే. ఇద్దరి చెవుల్లోనూ తెల్లటి తీగలున్నాయి, మెడలో చిన్న డబ్బీలు వేలాడుతున్నాయి. పాటలు వింటున్నారనుకుంది. వాళ్ళు మంటపం దగ్గర ఆగారు. ఇద్దరూ ఒకేసారి ఎడమ భుజం మీదుగా వెనక్కి తిరిగారు.

సుభాషిణి నిలబడిపోయింది. అక్కడ అలా తిరిగి చూడమని ఏ బోర్డు మీదా లేదు, ఏ పుస్తకంలోనూ లేదు. అది తను చెప్పిన మాట.

ఆమె వాళ్ళ వెనకే నడిచింది. కూలిన గోడ దగ్గర వాళ్ళు కుడికి పోవాలి. పోయారు. విరిగిన వంపు ద్వారం కింద తల ఎత్తి చూడాలి. చూశారు. గడ్డిలో దాగిన చిన్న సమాధి దగ్గర చూసుకుని దాటమని టేపులో చెప్పింది. ఆ ముసలాయన భార్య మోచెయ్యి పట్టుకుని జాగ్రత్తగా దాటించాడు. ఎవరో తన చీర కట్టుకుని తన ముందే తిరుగుతున్నట్టు అనిపించింది ఆమెకి. మొదట గుండె ఉప్పొంగిన మాట నిజమే. క్రాంతే చేసి ఉంటాడు, నాకు చూపించి ఆశ్చర్యపరుద్దామని దాచాడేమో అనుకుంది.

వాళ్ళు బావి దగ్గరికి వచ్చారు. మెట్ల మీద కూర్చున్నారు. కాసేపటికి ఆవిడ కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంది.

ఇక్కడ టేపులో ఏడిపించే మాటేమీ లేదే అనుకుంది సుభాషిణి. దగ్గరికి వెళ్ళి, వచ్చిన ఇంగ్లీషులో, ఏం వింటున్నారమ్మా అని అడిగింది. ఆవిడ ముందు తడబడి, తర్వాత నవ్వి, డబ్బీ మీద ఏదో నొక్కి వెనక్కి తిప్పి, ఒక తీగ ఆమె చేతికిచ్చింది.

క్రాంతి గొంతు. ఇంగ్లీషులో, నెమ్మదిగా, రేడియోలో మాట్లాడినట్టు మాట్లాడుతున్నాడు. మేస్త్రీల కథ అయిపోయింది. కాస్త ఆగి, "మా అమ్మ తన బిడ్డని పోగొట్టుకున్నాక ఈ మెట్ల మీదికే వచ్చి కూర్చుంది" అన్నాడు. వాడి గుప్పిట్లు బిగించి ఉన్నాయని చెప్పాడు. విప్పి చూసేలోపే నర్సు తీసుకెళ్ళిందని చెప్పాడు. కూరగాయల సంచీ ఖాళీగా ఇంటికి తీసుకెళ్ళిందని చెప్పాడు. "ఇప్పుడు దీన్ని ఆపేయండి. కాసేపు కూర్చోండి. తొందరేం లేదు."

సుభాషిణి తీగ తీసి ఆవిడకి ఇచ్చేసింది. ఆవిడ జాలిగా, ఎంత దుఃఖమో కదా అన్నట్టు ఆమె మొహంలోకి చూసింది. సుభాషిణి తల ఊపింది. మెట్లెక్కి పైకి వచ్చి, దర్గా వైపు పోకుండా, భూల్‌భులయ్యా వైపు పోకుండా, తను ఎప్పుడూ నడవని తారురోడ్డు మీద బస్టాండుకి నడిచింది.

మర్నాడు ధౌలాకువాఁ దాకా పోయి అక్కడ గుర్గావ్ బస్సెక్కింది. అద్దాల మేడ ముందు నిలబడి క్రాంతికి ఫోన్ చేసింది. అతను మెళ్ళో కార్డుతో పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఆమె మొహం చూశాక నడక నెమ్మదించాడు. రోడ్డు పక్క టీకొట్టు బెంచీ మీద కూర్చున్నారు.

"విన్నాను" అంది సుభాషిణి.

క్రాంతి టీ గ్లాసు కింద పెట్టాడు. "అంకుల్ మీకు చెప్పేశారేమో అనుకున్నానండి."

"అంకులేం చెప్పాలి?"

"నేను ఊరికే తీసుకోలేదాంటీ. అంకుల్ ఆఫీసుకెళ్ళి అడిగాను. టేపులు వాడుకోవచ్చా అని. వాడుకోవోయ్, దాందేముంది అన్నారు. ఈ టూర్ మొదలుపెట్టిన రోజు హోటల్లో లంచ్ పెట్టామండి, దానికి కూడా వచ్చారు. మా లోకల్ గార్డియన్ అని నేనే మా బాస్‌కి పరిచయం చేశాను."

సుభాషిణికి చప్పున గుర్తొచ్చింది. నవంబరులో ఒకరోజు ఆయన కొత్త కోటు వేసుకుని వెళ్ళాడు. జాయింట్ సెక్రటరీ గారి మీటింగ్ అన్నాడు. సాయంత్రం అన్నం వద్దన్నాడు.

"దారి నీకు కావలిస్తే నన్నడిగితే ఇచ్చేదాన్ని కదా క్రాంతీ. నువ్వూ నాతో నడిచావు, నీదీ ఉంది అందులో. కానీ బావి దగ్గర నేను చెప్పింది టేపులో లేదు. అది నీకు చెప్పాను."

"మీ పేరు పెట్టలేదాంటీ. ఎవరికీ తెలీదండి. అందుకే మా అమ్మ అన్నాను."

"మీ అమ్మ పిఠాపురంలో నిక్షేపంగా ఉంది. ఆవిడకి నువ్వొక్కడివే. ఆవిడకి చచ్చిపోయిన బిడ్డ ఎందుకు?"

అతను తల దించుకున్నాడు. తర్వాత మెల్లిగా, "మా బాస్ అన్నీ విని, కథలు బావున్నాయి గానీ గుండెకి తగిలేది ఒక్కటీ లేదన్నాడండి. ఉద్యోగం కొత్త. అది చెప్పాక ఒప్పుకున్నాడు. కావాలంటే మీ పేరు ముందు వేయిస్తాను, కృతజ్ఞతలు అని" అన్నాడు.

"నా పేరొద్దు. ఆ బావి దగ్గర మాటలు తీసెయ్యి. మిగతాదంతా ఉంచుకో."

క్రాంతి ఆమె కళ్ళలోకి చూడలేదు. "అది తీసేస్తే ఇంకేముంటుందాంటీ? విన్నవాళ్ళందరూ దాని గురించే రాస్తున్నారు."

సుభాషిణి టీ తాగకుండానే లేచింది. బస్సు దాకా వస్తానని అతను వెంట నడిచాడు. ఆమె వద్దనలేదు. బస్సు ఎక్కేటప్పుడు అలవాటుగా, "ఆంటీ, జాగ్రత్త" అన్నాడు. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఆ మాటకి వచ్చింది ఆమెకి.

ఆ ఆదివారం పొద్దున సదాశివరావు బాల్కనీ ఎండలో కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నాడు. సుభాషిణి ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"క్రాంతి మిమ్మల్ని అడిగాడట."

ఆయన చేతులు ఆగలేదు. "అడిగాడు. ఏం, తప్పా? మూడు క్యాసెట్లు. ఏమన్నా పొలమా, పుట్రా?"

"నన్నడగాలని తోచలేదా?"

"అడిగితే నువ్వు సవాలక్ష పేచీలు పెడతావు. కుర్రాడి ఉద్యోగం సంగతి. నీకా టేపులు ఏం చేసుకోడానికి? ఇంట్లో కూర్చునేదానివి."

"హోటల్లో భోజనానికి వెళ్ళారట. నాతో మీటింగన్నారు."

"నిన్ను పిలవలేదు మరి. చెబితే బాధపడతావని."

"అక్కడ విన్నారా? బావి దగ్గర మాట?"

బఠాణీ కాయ ఒకటి ఆయన వేళ్ళ మధ్య ఉండిపోయింది. "విన్నాను."

"ఎవరి సంగతో తెలిసిందా?"

ఆయన పక్కింటి డాబా వైపు చూశాడు. "తెలిసింది. గుప్పిళ్ళు నేనూ చూశానుగా."

సుభాషిణి ఊహించనిది ఈ మాట. ఎనిమిదేళ్ళలో ఆయన ఆ బిడ్డ గురించి అన్న మొదటి మాట అది.

"తెలిసీ ఊరుకున్నారు" అంది. ఆమె గొంతు పెరగలేదు. "ఈ ఇంట్లో వాడి ఊసెత్తొద్దన్నారు. ఎత్తలేదు. ఇషితకి చెప్పలేదు, మా అమ్మ దగ్గర కూడా గట్టిగా ఏడవలేదు. నేను ఇంట్లో అనకూడని మాట, మీరు హోటల్లో నలుగురి మధ్య చెవిలో పెట్టుకుని విన్నారు. విని భోంచేసి వచ్చారు. ఆ పూటన్నా ఇంటికొచ్చి నా పక్కన కూర్చోవలసింది కదండీ."

"ఏమని కూర్చోను?" అన్నాడు సదాశివరావు. కోపంగా అనబోయినట్టున్నాడు గానీ, నిజంగా తెలియక అడిగినట్టే వచ్చింది. "నువ్వు బయటివాడికి చెప్పుకున్నావు. నాకు చెప్పలేదు. నేనేమని కూర్చోను?"

గుమ్మంలో చప్పుడైతే ఇద్దరూ అటు చూశారు. ఇషిత నిలబడి ఉంది. పదిహేనేళ్ళ పిల్ల. తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే వస్తుంది.

"మేరా భాయీ థా?" అంది. నాకు తమ్ముడుండేవాడా అని. తర్వాత తల్లి వైపు తిరిగింది. "క్రాంతి భయ్యా కో బతాయా, మమ్మీ. ముఝే నహీ." అతనికి చెప్పావు, నాకు చెప్పలేదు అని. తలుపు గట్టిగా వేసుకుంది.

అప్పటిదాకా తనకి జరిగిన అన్యాయం ఒక్కటే కనిపించింది సుభాషిణికి. ఆ తలుపు చప్పుడుతో, తను కూడా ఒకరికి అదే చేసిందని తెలిసింది. ఇషిత మూడురోజులు ఆమెతో మాట్లాడలేదు. పెట్టినది తినేది, బడికి పోయేది. నాలుగోనాడు తనే వచ్చి, అక్కడికి తీసుకెళ్ళమంది.

తీసుకెళ్ళింది. పిల్లని ఆ మెట్టు మీద కూర్చోబెట్టి, మొదటి నుంచీ తన నోటితో చెప్పాలనుకుంది. కానీ బావి దగ్గర అప్పటికే నలుగురు ఉన్నారు, చెవుల్లో తెల్లతీగలతో. కళ్ళు మూసుకుని కూర్చున్నారు. ఒకామె పెదవులు బిగించి ఉంది. వాళ్ళు వింటున్నది ఇషిత తమ్ముడి గురించే. వాళ్ళ మధ్యలోంచి దిగి, వాళ్ళ పక్కన కూర్చుని, ఆ మాటే మళ్ళీ తను ఎలా చెప్పడం? తల్లీ కూతురూ పైగట్టు మీద కాసేపు నిలబడ్డారు. "చలో మమ్మీ" అంది ఇషిత, చెయ్యి పట్టుకుని. బస్టాండులో వేరుశనక్కాయలు కొనుక్కుని, బస్సుల రొద మధ్య చెప్పింది సుభాషిణి. చెప్పిందంతా సరిగా వినిపించిందో లేదో. ఇషిత మాత్రం కాయలు వలిచి తల్లి చేతిలో పెడుతూ కూర్చుంది.

ఆ తర్వాత సుభాషిణి మెహ్రోలీ వెళ్ళడం మానేసింది. ఎవరైనా టేపు అడిగితే పాడైపోయిందనేది. ఆ వేసవిలో తెనాలి నుంచి చుట్టాలొస్తే, "మీరే తీసుకెళ్ళండి" అని భర్తతో అంది. సదాశివరావు సెలవు పెట్టి తీసుకెళ్ళాడు. ఎండలో దారి తప్పి, మీనారు ఒక్కటీ చూపించి, వడదెబ్బ తగిలిన మనుషుల్ని ఆటోలో వేసుకొచ్చాడు. నిమ్మరసం కలిపి ఇచ్చింది సుభాషిణి. ఆయన ఒకటి రెండుసార్లు ఆమె పక్కన కూర్చోవడానికి చూశాడు, బిడ్డ మాట ఎత్తబోయాడు. ఆమె లేచి వెళ్ళేది. వినాలనే ఉండేది. కానీ ఆయన నోరు తెరవగానే ఆ కోటూ, ఆ హోటలు భోజనమూ గుర్తొచ్చేవి.

ఆ ఏడు చివర్లో దేశంలో జరిగిన ఉగ్రవాద దాడులకి విదేశీయుల రాకడ పడిపోయింది. కంపెనీ ఆ డబ్బీలు మూలపడేసి, తర్వాత మూతే పడింది. క్రాంతి బెంగళూరు వెళ్ళిపోయాడు. మూడు క్యాసెట్లూ కొరియర్‌లో వచ్చాయి. సుభాషిణి ఆ పొట్లం విప్పలేదు. ఇషిత విప్పి, తన పుస్తకాల అరలో పెట్టుకుంది.

ఇప్పటికీ ఉగాదికి క్రాంతి ఫోన్ చేస్తాడు. ఎక్కువగా సుభాషిణే ఎత్తుతుంది. "ఎలా ఉన్నారాంటీ?" అంటాడు. అతని గొంతు వినగానే కంచం వేసి కూర్చోబెట్టాలనిపిస్తుంది ఆమెకి. ఆ వెంటనే రేడియోలోలా మాట్లాడిన ఆ ఇంగ్లీషు గొంతు వినిపిస్తుంది.

"బాగున్నాం నాయనా, ఉండు" అని, ఫోన్ పట్టుకెళ్ళి సదాశివరావు చేతికిస్తుంది. "మీకే."